తెల్లవారితే శనివారం

మా బీరువాలో ఒక శుభలేఖ ఉంది. ఆ పెండ్లికొడుకు ఎవరో, పెండ్లికూతురు ఎవరో నాకు తెలియదు. ఆ పెండ్లికి నేను పోలేదు, నన్నెవరూ పిలవలేదు. అయినా 1998 మే నుంచి అది నా వెంటే ఉంది. నా పెండ్లయ్యాక రాంనగర్ నుంచి కొత్తపేటకి, అక్కడి నుంచి ఇప్పుడున్న ఉప్పల్ ఇంటికి చీరల మడతల్లో పడి వచ్చేసింది. మొన్న ఆధార్ జిరాక్సు కోసం బీరువా గాలిస్తుంటే మావాడి చేతికి దొరికింది. వాడు పదో తరగతి. "ఎవరమ్మా వీళ్లు?" అన్నాడు. తెలియదన్నాను. తెలియనివాళ్ల పెండ్లి కార్డు ఇరవై ఏడేళ్లు దాచుకున్న మనిషిని ఎలా చూడాలో అలాగే చూశాడు.

వాడికి నేను చెప్పింది సగమే. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

మా నాయిన చిక్కడపల్లిలో ఒక చిన్న ప్రింటింగ్ ప్రెస్సులో కంపోజిటర్. నల్లగొండ జిల్లా నుంచి ఏడో తరగతితో చదువు ఆపేసి పట్నం వచ్చినవాడు. కంపోజిటర్ అంటే ఇప్పటివాళ్లకి తెలియకపోవచ్చు. సీసం అక్షరాలు ఒక్కొక్కటిగా ఏరి, వరసగా పేర్చి, మాటలు చేసే పని. ఆ అక్షరాలుండే చెక్క అరల్ని కేసులంటారు. ఇంగ్లీషు కేసు చూస్తే ఎంత ముద్దుగా ఉంటుందో! ఇరవయ్యారు అక్షరాలు, పెద్దబడి, చిన్నబడి, అంకెలు, అయిపోయింది. తెలుగు కేసు అలా కాదు. గుణింతాలకు వేరే గళ్లు, వత్తులకు వేరే గళ్లు, వందల గళ్లు. మనిషి నిలబడి రెండు చేతులూ చాపినా అందనంత. నాయిన వాటి వైపు చూసేవాడు కాదు. కళ్లు రాతప్రతి మీద, కుడిచేయి గళ్ల మీద, ఎడమచేతిలో అక్షరాలు పేర్చే స్టిక్కు. చిన్నప్పుడు నేను బడి నుంచి అటే పోయి, పేపర్ రీముల మీద కూర్చుని చూసేదాన్ని. టిక్కు టిక్కుమని అక్షరం పడేది.

చిన్నప్పుడు అబ్బురం. పదిహేనేళ్లకి అదే చిన్నతనం అనిపించింది. మా నాయిన చేసేది చేతిపని, నేను చదివేది చదువు. ఈ మాట పైకి అనలేదుగానీ మనసులో బాగా గట్టిపడింది.

1995 సెప్టెంబరు 21, గురువారం. నా ఈడువాళ్లకి ఆ తారీకు చెప్పక్కర్లేదు. వినాయకుడు పాలు తాగాడు. ఢిల్లీలో మొదలై మధ్యాహ్నానికల్లా దేశమంతా పాకింది. మా గల్లీ గుళ్లో కూడా లైను. అమ్మ స్టీలు గ్లాసులో పాలు పట్టుకుని గంటన్నర నిలబడి వచ్చింది. "చెంచా తొండం దగ్గర పెట్టంగనే గుంజుకున్నడు" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. నేను అప్పుడే భౌతికశాస్త్రంలో తలతన్యత చదివి ఉన్నాను. ద్రవం అంచు రాయికి తగలగానే ఎలా లాగేస్తుందో, పాలు పలచటి పొరగా ఎలా కిందికి జారిపోతాయో, తెల్లటి పాలరాతి మీద అది ఎందుకు కనబడదో గిన్నె, చెంచా, సన్నికల్లు పెట్టి మరీ చేసి చూపించాను. సైంటిస్టులు పాలలో రంగు కలిపి చూపించింది కూడా ఇదే. అమ్మ మొహం చిన్నబోయింది. నేను పట్టించుకోలేదు, నిజం చెప్పాను కదా.

నాయిన అన్నం తింటూ అంతా విన్నాడు. "మంచిగ చెప్పినవ్ బిడ్డా. మరి నిన్నెందుకు తాగలే?" అన్నాడు.

నిన్న కూడా తాగేది నాయినా, ఎవరూ పెట్టి చూడలేదు అనడానికి నాకు ఒక పూట పట్టింది. అప్పటికి ఆయన డ్యూటీకి పోయాడు. ఆయన వినాయకుడి తరఫున అడిగాడో, నా లెక్క సరిచూడటానికి అడిగాడో ఇప్పటికీ తెలియదు. అప్పుడు మాత్రం ఒళ్లు మండింది. ఈయనకి ఏం చెప్పినా ఇంతే అనుకున్నాను.

నెల దాటాక, దీపావళి తెల్లారి, అక్టోబరు 24న సూర్యగ్రహణం. రాజస్థాన్ నుంచి బెంగాల్ దాకా ఒక సన్నటి దారిలోనే సంపూర్ణం, మనకు పాక్షికం. దూరదర్శన్‌లో లైవ్ వేశారు. అమ్మ ముందురోజే ఆవకాయ జాడీ మీద, నీళ్లబిందె మీద దర్భలు వేసింది. పక్కింటి అక్కకి ఆరో నెల. ఆమెని గదిలో పెట్టి కిటికీకి దుప్పటి కట్టారు. నేను మళ్లీ ఉపన్యాసం అందుకున్నాను. నీడ పడితే కడుపులో బిడ్డకి ఏమవుతుంది, చంద్రుడేమన్నా కత్తెరా?

"1980ల గ్రహణమొచ్చినప్పుడు నువ్వు నా కడుపులున్నవ్" అంది అమ్మ. "పొద్దుమూకక ముందే పొద్దుమూకింది. మీ నాయనమ్మ నన్ను కదలనియ్యలే. గోరు గిల్లనియ్యలే. చూడు, ముక్కు మంచిగనే వచ్చె."

దీనికి ఏ పుస్తకంలో జవాబు ఉంటుంది? 1980 ఫిబ్రవరి 16 నాటి ఆ గ్రహణం ఇక్కడ మామూలు గ్రహణం కాదని తర్వాత తెలిసింది. తెలంగాణలో కొన్ని చోట్ల సంపూర్ణం. ఉస్మానియా యూనివర్సిటీవాళ్ల జాపాల రంగాపూర్ అబ్జర్వేటరీలో దాని మీద పరిశోధనలు కూడా చేశారు. హైదరాబాదులో వీధులు ఖాళీ అయిపోయాయట. ఆ మధ్యాహ్నం ఇరవయ్యేళ్ల పిల్ల ఒకతి చీకటిగదిలో, మూత్రానికి కూడా లేవకుండా, నా ముక్కు కోసం పడుకుంది. మూఢనమ్మకమే. నేను ఇప్పటికీ అదే అంటాను. కానీ అప్పుడు అన్నంత హుషారుగా అనలేను.

సరే, ఆరోజు నేను గ్రహణం చూడటానికి ఎక్స్‌రే ఫిల్మ్ ఒకటి సంపాదించాను, ఎవరిదో మోకాలు. మేడెక్కి కంటికి పెట్టుకోబోతుంటే నాయిన వచ్చి లాక్కున్నాడు. లాక్కుంటే గ్రహణం చూడొద్దని కాబోలు అనుకుని నేను కొట్లాటకి సిద్ధం. ఆయన జేబులోంచి ఒక విజిటింగ్ కార్డు తీసి, ప్రెస్సులో తప్పు అక్షరం పీకడానికి వాడే సూదితో మధ్యలో పొడిచి, ఎండకి పట్టాడు. పిట్టగోడ మీద చిన్న సూర్యుడు పడ్డాడు, అంచు కొరికిన అరిసెలాగా.

"ఎక్స్‌రేతోని చూస్తే కండ్లు ఖరాబైతయ్. 80ల గ్రహణమప్పుడు కరపత్రం కొట్టినం, అండ్ల ఉండె" అన్నాడు.

అప్పుడైనా నాకు బుర్రలో వెలగాల్సింది. ఆ మనిషి ఏడో తరగతే కావచ్చు, పాతికేళ్లుగా చిక్కడపల్లిలో అచ్చయిన ప్రతి కరపత్రాన్నీ, ప్రతి ప్రశ్నపత్రాన్నీ, సంఘాల బైలాలనీ, కవితల పుస్తకాలనీ అక్షరం అక్షరం వేలితో ముట్టుకుని చదివినవాడు. అదీ తలకిందులుగా. వెలగలేదు. కార్డులో చిల్లు సంగతి నాకు తెలుసు, మర్చిపోయానంతే అని చెప్పాను. పచ్చి అబద్ధం.

ఇంటర్ రెండో సంవత్సరంలో ఇంకో జ్ఞానం వచ్చింది. అచ్చు అక్షరాల లోహంలో సీసం, ఆంటిమొని, తగరం ఉంటాయి. సీసం విషం. కొద్దికొద్దిగా ఒంట్లో చేరుతుంది, పిల్లలకి మరీ చెడ్డది. ఇది చదివిన సాయంత్రం నేను గుమ్మంలోనే నాయినని పట్టుకున్నాను. నువ్వు రోజంతా విషం ముట్టుకుంటున్నావు, ఆ చేతుల్తోనే బీడీ తాగుతావు, నీకు ఎవరూ చెప్పలేదా, అసలు మీ సేటుకి బుద్ధుందా, ఇలా చాలాసేపు. ఆయన "అవు బిడ్డా, అవు" అంటూ నల్లా దగ్గరికి పోయాడు.

చిన్నప్పటి నుంచీ నాకు నాయిన మీద ఒక కోపం ఉండేది. మా గల్లీలో అందరి నాయినలూ పని నుంచి రాగానే పిల్లల్ని ఎత్తుకునేవాళ్లు. మా నాయిన ఎత్తుకునేవాడు కాదు. నేను ఉరికి పోయి కాళ్లని చుట్టుకుంటే చేతులు పైకెత్తి, పోలీసు పట్టుకున్న దొంగలాగా నిలబడి, "ఆగు, ఆగు" అనేవాడు. నల్లా దగ్గర కూర్చుని బట్టల సబ్బుతో మోచేతుల దాకా రుద్దేవాడు. అంగీ విప్పి బయటి తీగ మీదే వేసేవాడు. అమ్మ దాన్ని వేరే బకెట్లో ఉతికేది. అంతా అయ్యాక గానీ నన్ను ముట్టుకునేవాడు కాదు. అప్పటికి నాకు అలక వచ్చేసి ఉండేది.

ఆరోజు నా ఉపన్యాసమయ్యాక అమ్మ వంటింట్లోంచి వచ్చి, గొంతు తగ్గించి అంది: "ఆయన పనిల చేరినప్పుడే ఒక ముసలాయన చెప్పిండంట, పిల్లలున్న ఇంటికి ఆ దుమ్ము తీస్కపోవద్దని. నీకు ఎప్పుడు తెల్సిందే? ఇయ్యాలనా?"

నల్లా దగ్గర సబ్బు చప్పుడు వినబడుతూనే ఉంది. నేను పోయి పుస్తకం ముందు కూర్చున్నాను. ఏం చదివానో గుర్తు లేదు.

ఇంత జరిగినా పొగరు తగ్గిందా అంటే లేదు. 1998 వేసవిలో, ఇంటర్ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నప్పుడు, ప్రెస్సు సేటు కంప్యూటర్ కొన్నాడు. అప్పటికి ఊరంతా అదే గాలి. మాదాపూర్‌లో సైబర్ టవర్స్ లేస్తోంది, అమీర్‌పేటలో కోర్సుల బోర్డుల వెనక గోడలు కనబడటం లేదు. నేను డీటీపీ, అంటే కంప్యూటర్ మీద అచ్చుపేజీలు తయారుచేసే పని, నేర్చుకున్నాను, పేజ్‌మేకర్, తెలుగు కీబోర్డు. నెలన్నరకే చేతివేగం వచ్చింది. సేటు నన్నే పనికి రమ్మన్నాడు. ఒక గదిలో కూలర్ కింద నేను, పక్క గదిలో కేసుల ముందు నాయిన. ఆయనకి సగం రోజు పట్టే శుభలేఖ నాకు ముప్పావుగంట. దిద్దాలంటే ఆయన సూదితో పీకి, సందు సరిచేసి, మళ్లీ బిగించాలి. నాకు ఒక మీట చాలు. సేటు నవ్వుతూ "ఏమయ్యా, నీ బిడ్డ నీ కొలువు తీసేటట్టున్నది" అన్నాడు ఒకరోజు. నాయిన కూడా నవ్వాడు. నాకు గర్వంగానే ఉండింది. ఆ మాట ఎంత నిజమో ఆ గదిలో తెలియంది నాకొక్కదానికే.

ఆ మే నెలలోనే ఈ శుభలేఖ వచ్చింది. తెల్లకాగితం మీద గుండ్రటి చేతిరాత. "శుక్రవారం రాత్రి 2-47 ని.లకు సుముహూర్తం" అని ఉంది. నేను ఆగాను. రాత్రి రెండున్నర దాటాక శుక్రవారం ఎక్కడిది? పన్నెండింటికే తారీకు మారిపోతుంది కదా. ఇంత చిన్న విషయం తెలియదా ఈ పెద్దమనిషికి? నేనే దిద్దేశాను. తారీకు ఒకటి పెంచి, శుక్రవారం తీసి శనివారం పెట్టాను. ఎవరినీ అడగలేదు. పెండ్లివారి పెద్దాయన వచ్చి ప్రూఫు చూశాడు. అందరిలాగే పేర్లూ ఇంటిపేర్లూ చూసుకుని, సంతకం పెట్టి వెళ్లాడు. ట్రేసింగ్ తీశారు, ప్లేటు చేశారు, ఆఫ్‌సెట్ మీద నాలుగువందల కార్డులు వేశారు.

సాయంత్రం వంద వంద కట్టలు కడుతూ నాయిన ఒక కార్డు చూశాడు. మేకుకి గుచ్చిన రాతప్రతి తెచ్చి పక్కన పెట్టుకుని మళ్లీ చూశాడు. నన్ను పిలిచాడు.

"దీన్ని శనివారం ఎవరు చేసిన్రు?"

నేను చాలా ఓపికగా, చిన్నపిల్లలకి చెప్పినట్టు, పన్నెండు గంటల సంగతి వివరించాను. ఆయన మధ్యలో ఆపలేదు. అంతా అయ్యాక "శనివారం రాత్రి రెండున్నర అని కార్డుల చూస్తే నువ్వు ఎప్పుడు పోతవ్?" అన్నాడు.

"శనివారం... రాత్రి అన్నం తిని..." అన్నాను. అనగానే నోరు ఎండిపోయింది.

వచ్చేవాళ్లంతా ఒకరోజు ఆలస్యంగా వస్తారు. పెండ్లి అయిపోయి, పందిరి విప్పేసి ఉంటుంది.

పంచాంగం లెక్కలో రోజు సూర్యోదయం నుంచి సూర్యోదయం దాకా. పొద్దు పొడిచేదాకా శుక్రవారమే. అందుకే అర్ధరాత్రి దాటిన ముహూర్తాలకి పాత కార్డుల్లో "తెల్లవారితే శనివారం" అని కుండలీకరణాల్లో వేస్తారు. పెండ్లివారు రాయడం మర్చిపోయినా కంపోజిటర్ చేర్చేవాడు. అది ఏ కోర్సులోనూ చెప్పరు, మా నాయిన ఎప్పుడూ చెప్పలేదు. ఎందుకు చెప్తాడు? నేనెప్పుడు అడిగాను?

సేటు పెండ్లాయన సంతకం ఉన్న ప్రూఫు తీశాడు. "మన తప్పేం లేదు, సంతకం ఉన్నది" అన్నాడు. "గా సంతకం చూపిస్తే పెండ్లికి జనమొస్తరా?" అన్నాడు నాయిన. మళ్లీ వేద్దామంటే కార్డు డబ్బులు మా జీతంలోంచే పోవాలి, పైగా ఆ డిజైను కార్డులు స్టాకులో లేవు.

నాయిన కార్డు మీద ముహూర్తం లైను కింద ఎంత జాగా ఉందో కాగితం పీలికతో కొలిచాడు. కేసు ముందుకి పోయాడు. స్టిక్కులో ఒక్క లైను పేర్చాడు. "(అనగా శుక్రవారం రాత్రి, తెల్లవారితే శనివారం)". సీసం అక్షరాల్ని కాగితం మీద నొక్కి అచ్చువేసే ట్రెడిల్ మెషిన్ అప్పటికి బిల్లుపుస్తకాలకు నంబర్లు కొట్టడానికి మాత్రమే ఉండేది. దాని మీదికి ఎక్కించాడు. మొదటి నాలుగైదు కార్డుల మీద లైను కొంచెం వంకర పడింది. లోపల కాగితం ముక్కలు సర్ది సరిచేశాడు. ఇక ఒక్కో కార్డూ చేత్తో పెట్టడం, తీయడం. నేను పక్కన నిలబడి తడి ఆరేలా పరిచాను, నాలుగువందలూ. చిక్కడపల్లి మెయిన్‌రోడ్డు మీద సెకండ్ షో జనం పోయే చప్పుడయ్యేదాకా పట్టింది.

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది.

చివర్లో ఆయన టైపు విప్పి ఏ అక్షరాన్ని ఆ గడిలో వేస్తుంటే, నేను మొదటిసారి స్టిక్కు అడిగి చేతిలోకి తీసుకున్నాను. అక్షరాలు తలకిందులుగా నిలబడి ఉన్నాయి, కానీ వరస మాత్రం ఎడమ నుంచి కుడికే నడుస్తోంది. "వెనక నుంచి చదువుతవనుకున్నా నాయినా ఇన్నేండ్లు" అన్నాను. "లే, ముంగటికే. అక్షరాలే తలకిందులు" అన్నాడు. తర్వాత నా చేతులు చూసి, "సబ్బుతోని కడుక్కో. గోర్ల సందుల కూడ" అన్నాడు.

మర్నాడు పెండ్లాయన వచ్చి కార్డు చూసుకుని, "అరె, ఈ మాట రాయనీకి నేనే మర్చిపోయిన, మంచిగ ఏసిన్రు" అని ఇరవై రూపాయలు చాయ్‌కి ఇచ్చి పోయాడు. నాయిన నా వైపు చూడలేదు. నవ్వు ఆపుకుంటున్నాడని వీపు చూస్తే తెలిసింది.

రెండేళ్లలో కేసులు పోయాయి. టైపంతా తూకానికి అమ్మేశాడు సేటు, కరిగించడానికి. నాయిన ప్రూఫులు దిద్దడానికి అక్కడే ఉండిపోయాడు. మౌసు పట్టుకోవడం నేనే నేర్పాను, స్టిక్కు పట్టుకున్నట్టు ఎడమచేత్తో పట్టుకునేవాడు.

ఇప్పుడు నా కొడుకు. వాట్సాప్‌లో నేను పంపే ప్రతి ఆరోగ్య చిట్కా కిందా "ఫేక్ అమ్మా" అని పెడతాడు. నిజానికి ఎక్కువసార్లు ఫేకే. మొన్న కార్డు పట్టుకుని ఆ లైను మీద వేలు పెట్టి, "ఇదొక్కటి ఎందుకు గరుకుగా ఉంది?" అన్నాడు. మిగతా అచ్చంతా నున్నగా ఉంటుంది, ఆఫ్‌సెట్ కదా. ఆ వంకర లైను మాత్రం కాగితంలోకి దిగి ఉంటుంది. వెనక నుంచి తడిమితే చేతికి తగులుతుంది. కథ క్లుప్తంగా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. విని, "ఇంత లొల్లి ఎందుకమ్మా? శనివారం 2-47 ఏఎం అని వేస్తే అయిపోయేది కదా" అన్నాడు.

నేను నోరు తెరిచి మూసుకున్నాను. ఇరవై ఏడేళ్లలో నాకు తట్టలేదు ఇది.

నాయినకి డెబ్భై తొమ్మిది. రాంనగర్ ఇంట్లోనే ఉంటాడు. అప్పుడే వీడియో కాల్ చేసి మనవడి మాట చెప్పాను. ఫోను చెవికి ఆనించుకుని విన్నాడు, అందుకని మాకు తెర నిండా చెవే కనబడింది. కాసేపు చప్పుడు లేదు.

"శుభలేఖరా అది" అన్నాడు చెవి. "రైలు టిక్కెటా?"